కోన్రాడ్ లోరెంజ్

కోన్రాడ్ జకరియాస్ లోరెంజ్ (నవంబరు 7, 1903 - ఫిబ్రవరి 27, 1989) ఆస్ట్రియా దేశానికి చెందిన సుప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త, వైద్యుడు, రచయిత. ఈథాలజీ అని పిలువబడే జంతు ప్రవర్తనా శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. గుడ్డు నుండి వెలువడిన పక్షిపిల్ల తొలి గంటలలో ఎవరిని చూస్తుందో వారినే తల్లిగా భావించి వెంబడించే స్వభావాన్ని విపులంగా పరిశీలించి, దానికి ఒక పేరునూ ఒక సిద్ధాంతాన్నీ ఏర్పరచాడు. ఇంప్రింటింగ్ అనే ఈ భావన జంతువుల పిల్లలను మనుషులకు, కొత్త పరిసరాలకు మచ్చిక చేసే పద్ధతులన్నింటికీ ఒక ముఖ్యమైన ఆధారమయింది. 1973లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని కార్ల్ ఫాన్ ఫ్రిష్, నికో టిన్‌బర్జెన్‌లతో కలసి అందుకున్నాడు. నాజీ పార్టీతో ఈయనకు గల సంబంధం ఈయన జీవితంలో చెరగని మచ్చగా మిగిలింది.

బాల్యం

లోరెంజ్ 1903 నవంబరు 7వ తేదీన వియన్నా నగరంలో జన్మించాడు. తండ్రి అడాల్ఫ్ లోరెంజ్ ఎముకల వైద్యంలో జగత్ప్రసిద్ధుడు. పుట్టుకతోనే తుంటికీలు తొలగిన పిల్లలకు ఆయన చేసే చికిత్స కోసం అమెరికా నుండి కూడా పిలుపులు వచ్చేవి. తల్లి పేరు ఎమ్మా. అన్న ఆల్బర్ట్‌కూ కోన్రాడ్‌కూ పద్దెనిమిదేళ్ల వ్యత్యాసం ఉండేది. నడివయసులో కలిగిన బిడ్డ కావడంతో తల్లిదండ్రులు గారాబంగా పెంచారు. వియన్నా సమీపంలో, డాన్యూబ్ నది ఒడ్డున గల ఆల్టెన్‌బర్గ్ గ్రామంలో వీరికి విశాలమైన భవనం, తోట ఉండేవి. చుట్టుపక్కల అడవులు, నదీతీరపు చిత్తడి నేలలు బాలుని తొలి పాఠశాలలయ్యాయి.

ఇంట్లోకి ఎన్ని జంతువులను తెచ్చినా తల్లిదండ్రులు సహించేవారు. ఒకసారి తండ్రి అడవి నుండి మచ్చల సాలమాండర్‌ను తెచ్చి, ఐదు రోజుల తరువాత విడిచిపెట్టాలనే షరతుపై కుమారునికి ఇచ్చాడు. అది ఆ గడువులోగా 44 పిల్లలను పెట్టింది. బాలుని దాది రెసీ ఫ్యూరింగర్ వాటిలో పన్నెండింటిని పూర్తి రూపం పొందేవరకు సాకగలిగింది. జంతువులను పెంచడంలో ఆమెది మంచి చేయి. తన శాస్త్రజీవితానికి ఆమె సాయం ఎంతో ఉపకరించిందని లోరెంజ్ తరువాతి కాలంలో కృతజ్ఞతతో తలచుకున్నాడు.

స్వీడిష్ రచయిత్రి సెల్మా లాగర్‌లోఫ్ వ్రాసిన నిల్స్ అనే బాలుని కథలో అడవి బాతుల ప్రయాణం విని, తానూ ఒక బాతు కావాలని కోన్రాడ్ కోరుకున్నాడు. అది వీలుకాదు కనుక ఒక బాతునైనా సంపాదించాలనుకున్నాడు. పొరుగువారు ఒకనాటి వయసున్న బాతుపిల్లను ఇచ్చారు. అది బాలుడు ఎక్కడికి వెళితే అక్కడికి వెంటబడి నడవసాగింది. తరువాతి కాలంలో ఈయన భార్య అయిన మార్గరెతె గెభార్ట్ కూడా ఆ రోజులలో ఈయనతోపాటు బాతుపిల్లలతో ఆడుకున్న స్నేహితురాలే. పిల్లల ఆటగా మొదలైన ఈ అనుభవాన్ని శాస్త్రవిషయంగా గుర్తించడానికి లోరెంజ్‌కు ఇరవై ఐదేళ్లకు పైగా పట్టింది.

విద్యాభ్యాసం, వివాహం

లోరెంజ్‌కు జంతుశాస్త్రం చదవాలని ఉన్నా, తండ్రి కోరికను మన్నించి వైద్యవిద్యలో చేరాడు. 1922లో తండ్రి ఇతన్ని న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపాడు. కొద్దికాలానికే స్వదేశానికి తిరిగివచ్చి వియన్నా విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించాడు. 1928లో వైద్య పట్టా, 1933లో జంతుశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ హోష్‌స్టెటర్ వద్ద సహాయకునిగా పనిచేశాడు. అవయవాలను జాతికీ జాతికీ పోల్చి వాటి పరిణామాన్ని తెలుసుకునే పద్ధతిని అక్కడ నేర్చుకున్నాడు. ఇదే పద్ధతిని ప్రవర్తనకు కూడా అన్వయించవచ్చునన్న ఆలోచన ఆ ప్రయోగశాలలోనే కలిగింది.

1927లో మార్గరెతెను వివాహమాడాడు. ఆమె కూడా వైద్యురాలు. వీరికి థామస్, ఆగ్నెస్, డాగ్మార్ అనే ముగ్గురు సంతానం. జంతువుల మధ్య సంసారం సాగించడం ఆమెకే చెల్లింది. ఆల్టెన్‌బర్గ్ ఇంట్లో పక్షులు, కోతులు స్వేచ్ఛగా తిరుగుతుండేవి. వాటి వలన పసిబిడ్డకు హాని జరగకుండా బిడ్డనే పంజరం వంటి గదిలో ఉంచే ఏర్పాటు ఆమె చేసింది. పెంపుడు కాకతువ ఒకటి తోటలో కునుకు తీస్తున్న వృద్ధుడైన అడాల్ఫ్ లోరెంజ్ దుస్తుల బొత్తాములన్నింటినీ కొరికి తీసివేసిన సంఘటనను లోరెంజ్ తన పుస్తకంలో వర్ణించాడు.

జాక్‌డా పక్షులు

లోరెంజ్ తొలి ముఖ్య పరిశోధన కాకి కుటుంబానికి చెందిన జాక్‌డా పక్షులపై జరిగింది. పక్షుల దుకాణంలో కొన్న ఒక పిల్లను పెంచి, దాని చేష్టలను దినచర్యగా వ్రాసుకున్నాడు. ఈ పరిశీలనలు 1927లో జర్మన్ పక్షిశాస్త్ర పత్రికలో ప్రచురితమయ్యాయి. బెర్లిన్ జంతుప్రదర్శనశాలకు చెందిన పక్షిశాస్త్రవేత్త ఆస్కార్ హైన్‌రోత్‌తో పరిచయం ఏర్పడింది. లోరెంజ్ ఆయనను గురువుగా భావించాడు.

ఒంటరిగా మనుషుల చేతిలో పెరిగిన జాక్‌డా పెద్దదైన తరువాత తన జాతి పక్షులను కాదని మనుషులను జతగా ఎంచుకునేది. ఒక మగ పక్షి లోరెంజ్‌నే తన తోడుగా భావించి, ముక్కుతో నమిలిన పురుగులను ఆయన నోటికి అందించబోయేది. ఆయన నోరు తెరవకపోతే చెవిలో కుక్కేది. చూసేవారికి నవ్వు పుట్టించే ఈ దృశ్యంలో ఒక గంభీరమైన విషయం ఉన్నది. పసితనంలో మనిషికి పూర్తిగా అలవాటుపడిన ఆ పక్షి తన జాతిలో సంసారానికి పనికిరాకుండా పోయింది. మచ్చిక చేయడంలో లాభంతోపాటు నష్టం కూడా ఉన్నదని లోరెంజ్ మొదట గ్రహించినది ఇక్కడే.

మార్టినా

లోరెంజ్ పేరు వినగానే గుర్తుకు వచ్చేది గ్రేలాగ్ గూస్ అనే బూడిదరంగు పెద్దబాతు. యూరపు, ఆసియా ఖండాలలో కనిపించే ఈ జాతి శీతకాలంలో మన దేశానికి కూడా వలస వస్తుంది. ఒడిషాలోని చిల్కా సరస్సులో దిగే వలస పక్షులలో ఇదీ ఒకటి.

1930వ దశకం మధ్యలో లోరెంజ్ ఈ జాతి గుడ్లను సేకరించి, పెంపుడు బాతు క్రింద పొదిగించాడు. చివరి రెండు రోజులు మాత్రం గుడ్డు పగలడాన్ని దగ్గరగా చూడాలని వాటిని పొదిగే యంత్రంలోనికి మార్చాడు. మొదట బయటకు వచ్చిన పిల్లను కొంతసేపు పరిశీలించి, ఒళ్లు ఆరిన పిమ్మట పెంపుడు బాతు రెక్కల క్రింద చేర్చాడు. తన పని పూర్తయినదని లేవబోగా, ఆ పిల్ల బాతు క్రింద నుండి వెలుపలికి వచ్చి ఏడుస్తూ ఆయన వెంటబడింది. ఎన్నిసార్లు తిరిగి ఉంచినా అదే జరిగింది. అది అప్పటికే తన తల్లి ఎవరో నిర్ణయించుకున్నది. లోరెంజ్ దానికి మార్టినా అని పేరు పెట్టి తానే పెంచవలసి వచ్చింది.

బాతుపిల్లను పెంచడమంటే దానికి మేత వేయడం మాత్రమే కాదని మొదటి రాత్రే తెలిసింది. పడకగదిలో వెచ్చని మెత్తపై పడుకోబెట్టినా, కొద్దిసేపటికొకసారి మేల్కొని తల్లి ఉన్నదా అని అడుగుతున్నట్లు సన్నగా కూసేది. తల్లిబాతు పలికే ధ్వనితో జవాబిస్తే ఊరుకునేది. జవాబు ఆలస్యమైతే ఆ కూత ఏడుపుగా మారేది. నిద్రమత్తులో కూడా జవాబివ్వడం లోరెంజ్‌కు అలవాటయింది. పగలు ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలడానికి వీలుండేది కాదు. అడవిలో తల్లిని విడిచిన పిల్లకు చావు తప్పదు కనుక ఆ ఏడుపు దాని ప్రాణరక్షణకు ప్రకృతి ఇచ్చిన సాధనమని ఆయన వివరించాడు. మనిషిని తల్లిగా అంగీకరించిన పిల్ల, ఆ మనిషి పగలూ రాత్రీ తల్లిగా మెలగాలని కోరుతుంది.

అదే కాలంలో మల్లార్డ్ జాతి బాతుపిల్లలను పెంచినపుడు వేరొక విషయం బయటపడింది. అవి మనిషి రూపాన్ని చూసి వెంట రాలేదు, భయపడి పారిపోయాయి. తల్లి పిలుపే వాటికి ముఖ్యమని ఊహించిన లోరెంజ్, మల్లార్డ్ తల్లి వలె ఆగకుండా కూస్తూ, గొంతుకూర్చుని గడ్డిలో ప్రాకసాగాడు. పిల్లలు వరుసగా వెంట వచ్చాయి. లేచి నిలబడితే, లేదా కూత ఆపితే వెంటనే ఏడ్చేవి. ఒకనాడు కంచె అవతల నిలిచిన వారికి పొడవైన గడ్డిలో పిల్లలు కనబడలేదు. గడ్డం గల పెద్దమనిషి ఒకడు కూస్తూ తోట అంతా ప్రాకడం మాత్రమే కనబడి నిర్ఘాంతపోయారు. ఒక జాతి పిల్లకు రూపం, మరొక జాతి పిల్లకు ధ్వని ముఖ్యమని, మచ్చిక చేసేవారు ఆ తేడాను తెలుసుకోవాలని ఈ ప్రయోగం నిరూపించింది.

ఇంప్రింటింగ్ సిద్ధాంతం

ఈ విషయాన్ని గమనించిన వారిలో లోరెంజ్ మొదటివాడు కాడు. 1873లో డగ్లస్ స్పాల్డింగ్ అనే ఆంగ్లేయుడు కోడిపిల్లలపై ప్రయోగాలు చేశాడు. గుడ్డు నుండి రాగానే కళ్లు కప్పి, రెండు మూడు రోజులలోగా ముసుగు తీసిన పిల్లలు ఆయనను వెంబడించాయి. సుమారు నాలుగు రోజులు కప్పి ఉంచిన పిల్లలు ముసుగు తీయగానే ఆయనను చూసి బెదిరి పారిపోయాయి. ఈ పరిశీలనను శాస్త్రలోకం మరచిపోయింది. పొదిగే యంత్రంలో పుట్టి మొదట మనిషిని చూసిన బాతుపిల్లలు తమ జాతి బాతుల వద్దకు పోవని హైన్‌రోత్ 1911లో ప్రకటించాడు. లోరెంజ్ 1935లో ప్రచురించిన పెద్ద వ్యాసంలో ఈ పరిశీలనలన్నింటినీ ఒక క్రమంలో పెట్టి, ముద్ర వేయడం అనే అర్థం వచ్చే జర్మన్ పదాన్ని స్థిరపరచాడు. దానికి ఆంగ్లంలో ఏర్పడిన ఇంప్రింటింగ్ అనే మాటే నేడు అంతటా వాడుకలో ఉన్నది.

ఆ వ్యాసంలో ఈయన చెప్పిన ముఖ్య లక్షణాలు ఇవి:
- ఈ ముద్ర పిల్ల జీవితంలో ఒక నిర్ణీతమైన, స్వల్పమైన కాలంలోనే పడుతుంది.
- మేత వంటి ప్రతిఫలం లేకుండానే పడుతుంది.
- ఒకసారి పడిన తరువాత చెరగదు.
- పడిన నాటికి పిల్లలో ఇంకా కనిపించని ప్రవర్తనను, ముఖ్యంగా పెద్దయిన తరువాత జతను ఎంచుకోవడాన్ని కూడా అది నిర్ణయిస్తుంది.

వీటిలో రెండవది అప్పటి పండితులకు వింతగా తోచింది. నేర్చుకోవడమంటే బహుమతి, శిక్షల ఫలితమనే భావన ఆ రోజులలో బలంగా ఉండేది. మేత పెట్టినవారినే జంతువు ప్రేమిస్తుందనే సామాన్య నమ్మకాన్ని కూడా ఈ సిద్ధాంతం సడలించింది.

కొత్త పరిసరాలకు అలవాటు

మనుషులకే కాక పరిసరాలకు కూడా పిల్ల ఎట్లా అలవాటు పడుతుందో మార్టినా ద్వారానే లోరెంజ్ గమనించాడు. వారం రోజుల వయసులో మార్టినా మొదటిసారి ఇంట్లోకి తానే నడిచి వచ్చింది. చీకటిగా ఉన్న వాకిటి గదిలో బెదిరిపోయి, వెలుతురు కనిపిస్తున్న కిటికీ వైపు పరుగెత్తింది. కొంత శాంతించిన తరువాత లోరెంజ్ వెంట మెట్లు ఎక్కి పడకగదికి చేరింది. ఆనాటి నుండి ప్రతి సాయంకాలం అది మొదట కిటికీ వద్దకు వెళ్లి, ఆ తరువాతనే మెట్లెక్కేది. కాలక్రమాన ఆ చుట్టుదారి కురచ అవుతూ వచ్చింది. ఏడాది గడిచేసరికి కిటికీ వైపుకు కొద్దిగా తిరిగే ఒక మలుపు మాత్రమే మిగిలింది.

ఒక సాయంత్రం లోరెంజ్ దానిని లోపలికి రానివ్వడం మరచిపోయాడు. బాగా చీకటిపడిన తరువాత తలుపు తీయగా, తొందరలో ఉన్న మార్టినా కిటికీ సంగతి మరచి నేరుగా మెట్లెక్కసాగింది. ఐదవ మెట్టుపై హఠాత్తుగా నిలిచి, మెడ సాచి, భయంతో కూసింది. వెంటనే క్రిందికి దిగి, మొదటినాటి దారిలో కిటికీ దాకా నడిచి, తిరిగివచ్చి మెట్లెక్కింది. ఐదవ మెట్టు చేరాక చుట్టూ చూసి, నెమ్మదించి, సంతోషంగా పలకరింపు కూత కూసింది.

ఒకసారి క్షేమంగా గడిచిన దారి పిల్లకు రక్ష వంటిదని, దానిని తప్పితే భయం తిరిగి పుడుతుందని ఈయన ఈ సంఘటనను వివరించాడు. కారణకార్యాలు తెలియని ప్రాణికి, ఏ అడుగు తనను కాపాడినదో తెలియదు. కనుక అన్ని అడుగులనూ యథాతథంగా పాటించడమే మేలు. మనుషుల ఆచారాల పుట్టుకను కూడా లోరెంజ్ ఈ దృష్టితోనే చర్చించాడు.

నాజీ పాలన, యుద్ధం, చెర

1936లో హాలండులోని లైడెన్ నగరంలో జరిగిన సమావేశంలో నికో టిన్‌బర్జెన్‌తో పరిచయం కలిగింది. మరుసటి సంవత్సరం టిన్‌బర్జెన్ ఆల్టెన్‌బర్గ్ వచ్చి, గూటి నుండి దొర్లిపోయిన గుడ్డును బాతు ముక్కుతో తిరిగి లోపలికి తెచ్చుకునే తీరును లోరెంజ్‌తో కలసి పరిశోధించాడు.

1938లో ఆస్ట్రియాను జర్మనీ ఆక్రమించిన తరువాత లోరెంజ్ నాజీ పార్టీలో చేరాడు. 1940లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. అదే సంవత్సరం ప్రచురించిన వ్యాసాలలో, పెంపకం వలన జంతువుల సహజ ప్రవృత్తులు క్షీణించినట్లే నాగరికత వలన మనుషులలో కూడా క్షీణత కలుగుతున్నదని వాదించి, ప్రభుత్వపు జాతి విధానాన్ని సమర్థించే భాషను వాడాడు. బాతులలో చూసిన దానిని మనుషులకు అంటగట్టిన ఈ వాదానికి శాస్త్రాధారం లేదు. 1941లో సైన్యంలోనికి తీసుకోబడి, పోజ్నాన్ నగరంలో పనిచేసిన కాలంలో, జర్మన్-పోలిష్ మిశ్రమ సంతతి ప్రజలను అంచనా వేసిన ఒక మనస్తత్వ పరిశీలనలో కూడా పాల్గొన్నాడు.

ఈ కాలాన్ని ఈయన మిత్రుల జీవితాలతో పోల్చి చూసినపుడు విషాదం మరింత స్పష్టమవుతుంది. బాల్యంలో ఈయనతోపాటు చేపలను పెంచిన ప్రాణస్నేహితుడు బెర్న్‌హార్డ్ హెల్‌మన్ యూదుడు. 1943లో సోబిబోర్ మరణశిబిరంలో చంపబడ్డాడు. టిన్‌బర్జెన్, యూదు ఆచార్యుల తొలగింపును వ్యతిరేకించిన లైడెన్ అధ్యాపకులతో నిలిచినందుకు జర్మన్ల నిర్బంధ శిబిరంలో రెండేళ్లు గడిపాడు.

1944లో తూర్పు రంగానికి పంపబడిన లోరెంజ్ విటెబ్స్క్ సమీపంలో సోవియట్ సేనలకు చిక్కాడు. ఆర్మీనియాతో సహా పలు శిబిరాలలో యుద్ధఖైదీగా ఉండి, తోటి ఖైదీలకు వైద్యం చేశాడు. సిమెంటు సంచుల కాగితంపై, పొటాషియం పర్మాంగనేట్ ద్రావణాన్ని సిరాగా చేసుకుని ఒక గ్రంథం వ్రాశాడు. అందులో రాజకీయాలు లేవని ఈయన ఇచ్చిన మాటను శిబిరాధికారి నమ్మి, వ్రాతప్రతిని వెంట తీసుకుపోనిచ్చాడు. 1948 ఫిబ్రవరిలో ఇల్లు చేరినపుడు ఈయన వెంట ఆ వ్రాతప్రతితోపాటు, చెరలో మచ్చిక చేసుకున్న రెండు పక్షులు ఉన్నాయి. ఒకటి గోరువంక కుటుంబానికి చెందిన స్టార్లింగ్, రెండవది భరతపక్షి. ఆ వ్రాతప్రతి ఈయన మరణానంతరం 1992లో వెలుగు చూసింది.

నాజీల భాషలో వ్రాసినందుకు పశ్చాత్తాపపడుతున్నట్లు తరువాతి కాలంలో ఈయన ప్రకటించాడు. ఆ పశ్చాత్తాపం సరిపోదని, పార్టీ సభ్యత్వాన్ని చాలాకాలం కప్పిపుచ్చాడని విమర్శకులు భావించారు. 1949లో కేంబ్రిడ్జిలో టిన్‌బర్జెన్‌తో తిరిగి కలుసుకోగా, వారి మైత్రి మరల చిగురించింది.

యుద్ధానంతర కృషి

ఉద్యోగం, ఆదాయం లేని రోజులలో సామాన్య పాఠకుల కోసం వ్రాసిన పుస్తకాలు లోరెంజ్‌కు కీర్తి తెచ్చాయి. 1949లో వెలువడిన పుస్తకం కింగ్ సాలమన్స్ రింగ్ అనే పేరుతో ఆంగ్లంలోకి వచ్చి లోకమంతటా చదవబడింది. మరుసటి సంవత్సరం కుక్కలపై వ్రాసిన పుస్తకం వెలువడింది. 1950వ దశకం ఆరంభంలో మాక్స్ ప్లాంక్ సంఘం ఈయన కోసం పశ్చిమ జర్మనీలోని బుల్డెర్న్ వద్ద పరిశోధన కేంద్రం ఏర్పాటు చేసింది. తరువాత అది బవేరియాలోని సీవీసెన్‌కు మారింది. 1961 నుండి 1973 వరకు ఈయన అక్కడ సంచాలకునిగా ఉన్నాడు. 1963లో ప్రచురించిన ఆన్ అగ్రెషన్ అనే గ్రంథం దూకుడు స్వభావం పుట్టుకతోనే వస్తుందని వాదించి తీవ్రమైన చర్చకు దారితీసింది.

విజ్ఞానాన్ని ప్రజలకు చేరవేసినందుకు యునెస్కో ఇచ్చే కళింగ బహుమతి ఈయనకు లభించింది. ఈ బహుమతికి మూలధనాన్ని సమకూర్చినది ఒడిషాకు చెందిన బిజూ పట్నాయక్. 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

సిద్ధాంతానికి సవరణలు

లోరెంజ్ చెప్పినవన్నీ యథాతథంగా నిలవలేదు. అమెరికాకు చెందిన డేనియల్ లెర్మన్ 1953లో, పుట్టుకతో వచ్చినది, నేర్చుకున్నది అని ప్రవర్తనను రెండుగా చీల్చడం సరికాదని గట్టిగా విమర్శించాడు. రాబర్ట్ హైండ్, పాట్రిక్ బేట్సన్ తదితరుల ప్రయోగాలలో, ముద్ర పడే కాలానికి కచ్చితమైన హద్దులు లేవని, పరిస్థితులను బట్టి అది కొంత సాగుతుందని తేలింది. చెరగదన్న ముద్ర కూడా కొన్ని సందర్భాలలో మారగలదని తెలిసింది. అందువలన కీలక కాలం అనే మాటకు బదులు సున్నిత కాలం అనే మాట వాడుకలోకి వచ్చింది.

కుక్కల విషయంలో లోరెంజ్ పొరబడ్డాడు. చాలా జాతుల కుక్కలు నక్కను పోలిన జాకాల్ నుండి వచ్చాయని మొదట వ్రాసి, తరువాత ఆ అభిప్రాయాన్ని తానే విడిచిపెట్టాడు. కుక్కలన్నీ తోడేలు సంతతి అని నేడు నిర్ధారణ అయినది. అయితే పసితనపు పరిచయం జీవితాంతం నిలుస్తుందనే ఈయన మూలసూత్రం కుక్కలకు కూడా వర్తిస్తుందని ఇతరుల పరిశోధనలలో తేలింది. అమెరికాలోని బార్ హార్బర్ వద్ద జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఐదు జాతుల కుక్కలను ఏళ్ల తరబడి పరిశీలించి 1965లో ఫలితాలను గ్రంథంగా ప్రచురించారు. కుక్కపిల్ల సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు మనుషులతో, తోటి కుక్కలతో సంబంధాలు ఏర్పరచుకుంటుందని వారు చెప్పారు. 1961లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, కంచె వేసిన పొలంలో తల్లితో పెరుగుతున్న పిల్లలను వేర్వేరు వయసులలో వారం రోజులపాటు మనుషులకు పరిచయం చేశారు. పద్నాలుగు వారాల దాకా మనిషిని ఎరుగని పిల్లలు ఆ తరువాత ఎంత ప్రయత్నించినా బెదురు వీడలేదు. పిల్లిపిల్లలలో ఈ కాలం ఇంకా ముందుగా, సుమారు రెండవ వారం నుండి ఏడవ వారం వరకు ఉంటుంది.

బాతుపిల్లకూ కుక్కపిల్లకూ ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. బాతుపిల్లకు గంటలలో ముద్ర పడుతుంది, అది సాధారణంగా ఒక్కరికే పరిమితం. కుక్కపిల్లకు వారాల వ్యవధి ఉంటుంది, తన జాతినీ మనిషినీ కూడా బంధువులుగా స్వీకరించగలదు. అందుకే కుక్కపిల్లను తల్లి నుండి మరీ త్వరగా వేరుచేయరాదని, అట్లని మనుషులకు, శబ్దాలకు, కొత్త చోట్లకు పరిచయం చేయడంలో ఆలస్యం కూడా చేయరాదని పశువైద్యులు సూచిస్తారు. ఆ పరిచయం బెదరగొట్టకుండా, కొద్దికొద్దిగా జరగాలి.

పక్షి సంరక్షణలో వినియోగం

మనిషికి అలవాటుపడిన పక్షి తన జాతిలో కలవలేదన్న లోరెంజ్ పరిశీలన అంతరించిపోతున్న జాతుల రక్షణలో అమూల్యమైన హెచ్చరిక అయినది. మనుషుల మధ్య పెరిగిన టెక్స్ అనే హూపింగ్ కొంగ తన జాతి మగపక్షులను దరిచేరనీయలేదు. అమెరికాలోని అంతర్జాతీయ కొంగల సంస్థకు చెందిన జార్జ్ ఆర్చిబాల్డ్ తానే దాని ఎదుట నాట్యం చేసి, కృత్రిమ పద్ధతిలో గుడ్లు పెట్టించవలసి వచ్చింది. 1982లో ఒక పిల్ల పుట్టింది. ఈ కారణంగానే అడవిలో విడువదలచిన కాండర్ రాబందు పిల్లలకు తల్లి తలను పోలిన తోలుబొమ్మతో మేత పెట్టే పద్ధతి, కొంగపిల్లలను పెంచేవారు తెల్లని ముసుగు దుస్తులు ధరించే పద్ధతి ఏర్పడ్డాయి.

కొందరు ఇదే స్వభావాన్ని మేలుకు వాడుకున్నారు. ఆస్ట్రియాలో జోహన్నెస్ ఫ్రిట్జ్ బృందం, మనుషుల పెంపకంలో ఎదిగిన బట్టతల ఐబిస్ పక్షులకు చిన్న విమానంతో వలసదారి నేర్పింది. 2004లో ఆ పక్షులు తొలిసారిగా పెంపుడు తల్లుల వెంట ఆల్ప్స్ దాటి ఇటలీలోని టస్కనీ చేరాయి.

చివరి దశ, మరణం

1973లో పదవీ విరమణ చేసి లోరెంజ్ ఆల్టెన్‌బర్గ్ చేరుకున్నాడు. సీవీసెన్ నుండి తన బాతులలో కొన్నింటిని ఆస్ట్రియాలోని గ్రూనౌ లోయకు తరలించాడు. కొత్త చోట బాతులు నిలబడడానికి వాటికి నమ్మకమైన మనుషులే ఆధారమయ్యారు. పెంచినవారు వెంట వెళ్లి అక్కడ నివసించగా, వారిని అనుసరించి బాతులు ఆ లోయకు అలవాటుపడ్డాయి. ఆ మంద సంతతిపై పరిశోధన ఈయన పేరుగల కేంద్రంలో ఆ తరువాత కూడా కొనసాగింది.

వృద్ధాప్యంలో పర్యావరణ రక్షణకు గొంతు కలిపాడు. 1984లో డాన్యూబ్ తీరంలోని హైన్‌బర్గ్ వద్ద జలవిద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమానికి తన పేరు ఇచ్చాడు. 1985లో ఈయన పేరుతో జరిగిన ప్రజా అభ్యర్థనపై 3,53,906 మంది సంతకాలు చేశారు. ఆ చిత్తడి అడవులు 1996లో జాతీయ ఉద్యానవనమయ్యాయి. 1986లో భార్య మార్గరెతె మరణించింది. జీవితకాలపు బాతుల పరిశీలనను వివరించే చివరి గ్రంథం 1988లో వెలువడింది. 1989 ఫిబ్రవరి 27న లోరెంజ్ మరణించాడు. 1983లో ఇచ్చిన గౌరవ డాక్టరేటును, నాజీ కాలపు రచనలు, చర్యల కారణంగా సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం 2015లో రద్దుచేసింది.

అంచనా

జంతువులను పంజరంలో కాక, వాటితో కలసి జీవిస్తూ పరిశీలించడం లోరెంజ్ పద్ధతి. తల్లీబిడ్డల అనుబంధంపై జాన్ బౌల్బీ చేసిన కృషికి ఈయన పరిశోధన ప్రేరణనిచ్చింది. పసిప్రాణి ఎదుట నమ్మకానికి తెరచి ఉండే తలుపు కొద్దికాలమే తెరచి ఉంటుందని, ఆ కాలంలో ఎదురైన వ్యక్తి దాని జీవితమంతటికీ బాధ్యుడవుతాడని ఈయన కృషి నుండి గ్రహించవచ్చును. పక్షిపిల్లల విషయంలో ఈ బాధ్యతను అంత శ్రద్ధగా పాటించిన వ్యక్తి, తోటి మనుషులకు ప్రాణాంతకమైన కాలంలో దానిని మరచిపోవడం ఈయన చరిత్రను చదివేవారు విస్మరించరాని విషయం.

ముఖ్య రచనలు

- పక్షి పరిసరాలలోని సహచరుడు అనే అర్థం గల జర్మన్ వ్యాసం (1935)
- కింగ్ సాలమన్స్ రింగ్ (1949)
- మ్యాన్ మీట్స్ డాగ్ (1950)
- ఆన్ అగ్రెషన్ (1963)
- బిహైండ్ ద మిర్రర్ (1973)

ఇవి కూడా చూడండి

- నికో టిన్‌బర్జెన్
- కార్ల్ ఫాన్ ఫ్రిష్
- జంతు ప్రవర్తనా శాస్త్రం
- కళింగ బహుమతి
- చిల్కా సరస్సు